అమ్మ పాటకు కొటేషన్లు

చంద్రకు ఒక్క కామా తప్పిందంటే ఆ పూట అన్నం సయించదు. నంద్యాలలో అతనితో కలిసి పనిచేసిన వాళ్ళెవరినడిగినా ఈ మాట నవ్వుతూ చెబుతారు. పెళ్ళిపత్రిక చేతికిస్తే ముహూర్తం చూడడు, పెళ్ళికూతురి పేరు తర్వాత కామా పడిందా లేదా అని చూస్తాడు. ఒకసారి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్లో గోడమీది ధరల బోర్డు చదివి, ఉగ్గాని పక్కన అనవసరంగా చుక్క ఎందుకు పెట్టావయ్యా అని ఓనర్ని నిలదీశాడు. "అది చుక్క గాదు సార్, ఈగ వాలిన మరక" అన్నాడట ఆయన. చంద్ర లేచి చేతిరుమాలుతో ఆ మరక తుడిచి వచ్చాకే ఉగ్గాని ప్లేటు ముందుకు లాక్కున్నాడు.

అంత నిష్ఠగల మనిషి మోసం చేస్తాడని ఎవరనుకుంటారు? చుక్కనే వదలనివాడు మనిషిని వదిలేస్తాడా అనుకుంటాం. ఈశ్వరి కూడా అలాగే అనుకుంది.

ఈశ్వరిది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ పార్వేట పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అహోబిలం నరసింహస్వామి, పల్లెవాళ్ళ నోట ఓబులేసు, తన పెళ్ళికి తానే ఊరూరా తిరిగి జనాన్ని పిలుచుకునే వేడుక పార్వేట. చెంచుల పిల్లను చేసుకున్నాడు కాబట్టి అక్కడి పల్లెలకు ఆయన దేవుడే కాదు, అల్లుడు కూడా. అందుకని పల్లకీ దించగానే ఆడవాళ్ళు మొక్కి ఊరుకోరు. చుట్టూ చేరి పాటల్లో దెప్పుతారు, ఎకసెక్కాలాడతారు, తగవు పెట్టుకుంటారు. వాళ్ళ ఊళ్ళో ఆ పాట ఎత్తుకునేది ఈశ్వరి తల్లి తిరుపాలమ్మ. నాట్లకు పోయినా కలుపుకు పోయినా ఆమె గొంతు ముందు వినబడి, మనిషి తర్వాత కనబడుతుంది.

"ఈ పాటలన్నీ నీ పేరు మీదే అచ్చయితాయమ్మా" అని ఈశ్వరి తల్లికి మాటిచ్చింది. తిరుపాలమ్మకు చదువు రాదు. వేలిముద్ర తప్ప ఏ కాగితం మీదా తన గుర్తు లేని మనిషి. "నా పేరు అచ్చేస్తే ఎవురు కొంటారే, పిచ్చిదానా" అని పైకి కసిరిందే గానీ, ఆ వారమంతా చేలో, రేషను షాపులో, ఆటోలో కనబడిన ప్రతివాళ్ళకూ ఆ సంగతి చెప్పుకుంది. ఈశ్వరికి డిగ్రీ ఎంత కావాలో, ఆ మాట నిలబెట్టుకోవడమూ అంత కావాలి. ఇంకా నిజం చెప్పాలంటే డిగ్రీ కంటే ఒక పిసరు ఎక్కువే కావాలి.

చంద్ర ఆమెకు సీనియర్. అదే గైడు దగ్గర ముందుగా డాక్టరేటు తీసుకుని, నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. ఆదివారం వస్తే ఈశ్వరి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆళ్ళగడ్డలో బస్సెక్కి అతని ఇంటికి పోయేది. అతను వరండాలో కూచోబెట్టి, థీసిస్ చివర వచ్చే ఉపయుక్త గ్రంథసూచిని వర్డ్ ఫైల్లో ఎలా కూర్చాలో నేర్పేవాడు. రచయిత పేరు, తర్వాత చుక్క, బ్రాకెట్లో సంవత్సరం, మళ్ళీ చుక్క, పుస్తకం పేరు ఇటాలిక్‌లో, ఆ తర్వాత ప్రచురించిన వాళ్ళ పేరు. తెలుగు అక్షరాలు ఇటాలిక్‌లో పెట్టేసరికి గుడులూ కొమ్ములూ ఒకదాని మీద ఒకటి పడి, తాగినవాళ్ళలా తూలేవి. "వద్దులే, బోల్డ్ పెట్టు" అనేవాడు. రెండో వరుస లోపలికి జరపడానికి ఈశ్వరి స్పేస్‌బార్ టకటకా కొట్టేది. ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అవన్నీ చెదిరిపోయి, చెల్లాచెదురుగా కనబడేవి.

"స్పేస్‌బార్ ఇడ్సిపెట్టు తల్లీ! పేరాగ్రాఫ్‌లో హ్యాంగింగ్ అని ఉంటాది, అది నొక్కు" అని చంద్ర తల పట్టుకునేవాడు.

ఇంకో తంటా పేర్లది. మనవాళ్ళు ఇంటిపేరు ముందే రాసుకుంటారు. పేర్లు ఎక్కిస్తే సూచిక తనే పేర్చే వర్డ్ ప్రోగ్రాముకు అది తెలియదు, చివరున్నదే ఇంటిపేరనుకుని పట్టుకొచ్చి ముందు పెడుతుంది. లాల్ సాహెబ్ అనే పెద్దాయన రాసిన వ్యాసం 'సాహెబ్, లాల్' అయి కూచుంది. "పాపం ఆయప్పను నడిమికి రెండు ముక్కలు చేసినావ్ గదా" అని చంద్ర పడీపడీ నవ్వాడు. ఈశ్వరి కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

నవ్వి ఊరుకునే మనిషి కాదు చంద్ర. "గ్రంథసూచి అంటే ఏందనుకుంటాండావ్ ఈశ్వరీ? మనం ఎవురెవురి ఇంట్లో తిన్న్యామో దాచకుండా చెప్పుకునేది. ఒక్క పేరు మింగినా అది దొంగతనమే" అన్నాడు. ఆ మాట ఈశ్వరికి ఎంత నచ్చిందంటే, మర్నాడు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కూడా చెప్పింది. చంద్రన్న అన్నాడని పేరు చెప్పి మరీ చెప్పింది.

చంద్ర వాళ్ళింటికీ వచ్చేవాడు. తిరుపాలమ్మ జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయల ఊరిబిండి నూరిపెట్టేది. తిన్నాక పాటలు మొదలయ్యేవి. ఇక్కడొక సంగతి చెప్పాలి. కన్నకూతురు ఎదురుగా కూచుని "పాడమ్మా" అంటే తిరుపాలమ్మకు నవ్వొస్తుంది. ఉగ్గుపాలు పోసిన పిల్లకు ఇప్పుడు పాట అప్పజెప్పాలా అని గొంతు పెగలదు. కొత్తవాళ్ళు అడిగితే పాడుతుంది. అందుకని చంద్ర తన రికార్డరు ముందు పెట్టి అడిగేవాడు, ఆమె పాడేది, ఈశ్వరి పక్కన గమ్మున కూచుని రాసుకునేది. పక్క పల్లెలన్నీ తిరిగి, అర్థంకాని మాటలు ముసలివాళ్ళనడిగి, సెలవుల్లో నడుం విరిగేలా కూచుని మొత్తం టైపు చేసింది మాత్రం ఈశ్వరే.

"నాయనా, మా పాపకు నువ్వే దారి జూపాల" అనేది తిరుపాలమ్మ, అతను చెయ్యి కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ.

"నాకు చెల్లెలు ల్యాకపాయ పెద్దమ్మా. ఈశ్వరే నా చెల్లెలు" అనేవాడు చంద్ర. అనేటప్పుడు నిజంగానే అనేవాడేమో. ఆ పాపం మనకెందుకు.

థీసిస్ చివరికొచ్చాక చిక్కు వచ్చింది. గైడు రంగయ్య సారు సూచిక చూసి పెదవి విరిచాడు. నాలుగో అధ్యాయమంతా తిరుపాలమ్మ నోటి పాటలే, ఏదీ అచ్చులో లేదు, ఎగ్జామినర్ అడిగితే ఏం చూపిస్తావన్నాడు. ఈశ్వరి దిగులుపడి నంద్యాల పోతే చంద్ర తేలిగ్గా తీసేశాడు. ముందు పాటల్ని చిన్న పుస్తకంగా వేద్దాం, అప్పుడు థీసిస్‌లో ఆ పుస్తకాన్నే చూపించొచ్చన్నాడు. అక్కడికక్కడే వర్డ్‌లో అట్ట కూడా తయారుచేసి చూపించాడు. పాడినది తిరుపాలమ్మ, సేకరణ ఈశ్వరి, కూర్పు చంద్ర. మూడు పేర్లలో తల్లి పేరు పైన, పెద్ద అక్షరాల్లో ఉంది. ఈశ్వరి టైపు చేసిన ఫైలంతా అతని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ అట్టను ఫోన్లో ఫొటో తీసుకుని ఇంటికి పోయి తల్లికి చూపించింది.

తర్వాత ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "ప్రెస్సోడు సతాయిస్తాండాడు ఈశ్వరీ. ఈ నెల్లో అయిపోతాదిలే." పండగలు వచ్చాయి, పోయాయి. థీసిస్ గడువు దగ్గరపడింది. ఈశ్వరి రంగయ్య సారును బతిమాలి, పుస్తకం ప్రస్తావన లేకుండానే, మౌఖిక ఆధారాలు అనే శీర్షిక కింద తల్లి పేరు, ఊరు రాసి సమర్పించేసింది. చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పిన పేర్లలో మొదటిది చంద్రది.

రంగయ్య సారు ఫోన్ చేసినప్పుడు ఈశ్వరి స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుతోంది. ఆయన గొంతు ఎప్పటిలా లేదు.

"ఏమ్మా, ఇంత పని చేసినావే? నాలుగో అధ్యాయంలో పాటలన్నీ అచ్చయిన పుస్తకంలోంచి ఎత్తినవేనని ఎగ్జామినర్ రాసినాడు. ఒక కొటేషన్ లేదు, సూచికలో పుస్తకం పేరు లేదు. కాపీ అన్నాడమ్మా. నా సర్వీసులో ఈ మాట పడలే."

"ఏ పుస్తకం సార్?"

"చంద్రది. పార్వేట పాటలు. వచ్చి చాన్నాళ్ళయిందంట గదా. నీకు తెలీదా?"

ఈశ్వరికి మొదట సంతోషమేసింది. నమ్మండి, సంతోషమే. పుస్తకం వచ్చేసిందా, అన్న చెప్పలేదే అనుకుంది. ప్రెస్సువాడు నేరుగా పంచేసుంటాడని, అన్న చేతికి ఇంకా అంది ఉండదని, రంగయ్య సారుకు చంద్ర తరఫున తానే సర్దిచెప్పింది.  ఆయన జవాబుగా అట్ట ఫొటో పంపాడు.

పార్వేట పాటలు. డాక్టర్ చంద్ర. అంతే. ఈశ్వరి రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి అట్ట నాలుగు మూలలా వెతికింది. లోపలి పేజీలు కూడా పంపమని అడిగింది. ముందుమాటలో ఒకచోట ఆచూకీ దొరికింది. 'ఆళ్ళగడ్డ ప్రాంతంలో నాకు తారసపడిన ఒక నిరక్షరాస్య వృద్ధురాలి నోట కొన్ని పాటలు విన్నాను.' తిరుపాలమ్మ ఆ వేళ కూడా మడిలోనే ఉంది, నాటు వేస్తూ. వృద్ధురాలు ఎక్కడిదీ? తారసపడడమేమిటి, పీట వేసి రొట్టెలు పెడితే?

"పాటలు నావి సార్. మాయమ్మవి. రికార్డింగులున్నాయి" అంది.

"అందులో అడిగే గొంతు ఎవురిది?" అన్నాడు రంగయ్య సారు.

అడిగే గొంతు చంద్రది. ఒక్కదాంట్లోనూ ఈశ్వరి గొంతు లేదు. తల్లి సిగ్గుకు తలవంచి ఆమె గమ్మున కూచున్న పుణ్యమది. రికార్డింగు వింటే ఎవరికైనా సేకరించింది చంద్రే అనిపిస్తుంది. ఫోన్లో ఉన్న మూడు పేర్ల అట్ట ఫొటో పంపితే, అట్లాంటిది ఎవరైనా టైపు చేసుకోవచ్చు, సాక్ష్యం కాదన్నాడాయన.

"నేను నిన్ను నమ్ముతాండానమ్మా" అన్నాడాయన, కాస్త మెత్తబడి. "నమ్మి ఏం చేయాల? కమిటీ అంటారు, విచారణ అంటారు, ఏండ్లు పడతాది. అందాక నీ థీసిస్ అట్లనే పడుంటాది. లేదంటావా, పాటలన్నిటికీ కొటేషన్లు పెట్టు, కింద చంద్ర పేరు రాయి, సూచికలో పుస్తకం చేర్చు. మౌఖిక ఆధారం తీసెయ్. ఒకే పాటకు రెండు మూలాలు ఎట్లుంటాయి? ఈ నెలాఖరు లోపల అప్‌లోడ్ చేస్తే ఒప్పుకుంటామన్నారు."

ఆదివారం దాకా ఆగింది. ఆగడం ఎందుకంటే, ఇంకా ఎక్కడో ఒక మూల, అన్న ఏదో చెబుతాడని, తను విని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటానని ఆశ. నమ్మిన మనిషిని ఒక్కసారిగా వదులుకోలేం. లాప్‌టాప్ సంచి తగిలించుకుని ఎప్పటిలాగే నంద్యాల బస్సెక్కింది.

చంద్ర తలుపు తీసి ఎప్పటిలాగే నవ్వాడు. వరండాలో అదే కుర్చీ వేశాడు. లోపలికి కేకేసి టీ చెప్పాడు. ఈశ్వరి కూచోలేదు.

"పుస్తకం వొచ్చిందని నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్పాలనే ఉన్న్యా. ఈ పనుల్లో పడి..." అన్నాడు. తర్వాత తనే, ఆమె ఇంకేమీ అడగకముందే, "చూడు ఈశ్వరీ, ప్రచురణకు రిజిస్టర్ చేసేటప్పుడు రచయిత ఎవురని అడుగుతారు. జానపదానికి కర్త ఎవురుంటారు? అది జనానిది. కర్త లేరని ఆ గడి ఖాళీగా ఇడ్సిపెట్టలేం గదా. అందుకని నా పేరు పెట్టినా" అన్నాడు.

"ఖాళీ గడి నింపేకి మాయమ్మ పేరు పనికిరాల్యా?"

"మీయమ్మకు దాంతో ఏం పనుంది? ఇంటర్వ్యూ ఆమెకుందా, నాకుందా?" అప్పటికి నిజం బయటపడింది. కాలేజీలో పర్మనెంటు చెయ్యడానికి సొంత పుస్తకం కావాలన్నారు. పుస్తకం చూపించాడు, ఉద్యోగం ఖాయమైంది. "నాకూ ఇద్దరు పిల్లోళ్ళు ఈశ్వరీ. నీకు వయసుంది. ఇట్లాంటి పాటలు ఇంకో వంద సేకరిస్తావ్."

ఈశ్వరికి అరవాలనిపించింది. లాప్‌టాప్ అతని నెత్తిన వేసి కొట్టాలనిపించింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట. "ఒక్క పేరు మింగినా దొంగతనమే అన్న్యావ్ గదన్నా. ఈ కుర్చీలో కూచోనే అన్న్యావ్."

చంద్ర ముఖం కాస్త కందింది. టీ వచ్చింది. అతను గ్లాసు ఆమె ముందు పెట్టి, మాట మార్చడానికో, నిజంగానే సాయం చెయ్యాలనో, "అయిందేదో అయింది. రంగయ్య సారు ఫోన్ చేసి అంతా చెప్పినాడు. నీ థీసిస్ ఆగకుండా నేను చూసుకుంటా. ఫైల్ తెరువు, ఎట్ల దిద్దినావో చూద్దాం" అన్నాడు.

ఎందుకు తెరిచిందో ఈశ్వరికి తర్వాత కూడా అర్థం కాలేదు. ఎన్నో ఆదివారాల అలవాటు, అతను తెరవమంటే తెరవడం. ముందు రోజు సాయంత్రం కూచుని, గుండె రాయి చేసుకుని, గ్రంథసూచిలో కొత్తగా ఒక వరుస చేర్చింది. అందులో చంద్ర పేరు ఉంది. అతను కళ్ళజోడు సవరించుకుని స్క్రీన్ మీదికి వంగాడు. ఈశ్వరి అతని ముఖం వంకే చూస్తోంది. తన పేరు అక్కడ చూసి సిగ్గుపడతాడేమో, కనీసం రెప్ప వాలుస్తాడేమో అని చూస్తోంది.

"ఈడ నా పేరు తర్వాత చుక్క పడలే చూడు" అన్నాడు చంద్ర. వేలు చాచి, కీబోర్డు మీద చుక్క నొక్కి, తృప్తిగా తలాడించాడు.

అప్పుడు తెగింది ఈశ్వరికి అతని మీద ఆశ. మోసం చేశాడని తెలిసినప్పుడు కాదు, ఇదిగో ఈ చుక్క పెట్టినప్పుడు.

అతను పైకి జరుపుతూ పాటలు చూశాడు. ఒకచోట ఆగి నాలుక కొట్టాడు. "ఈ చరణం నా పుస్తకంలో ఇట్ల లేదే. కొటేషన్లు పెట్టినాక లోపల అచ్చులో ఎట్లుంటే అట్లనే ఉండాల ఈశ్వరీ. ఒక్క అక్షరం మార్చినా మళ్ళా వెనక్కి పంపుతారు. మార్చుకో."

అది ఏ చరణమో ఈశ్వరి చూడకుండానే చెప్పగలదు. ఆమె తండ్రి మారెన్న కాలువ గట్టు మీద ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఆ ఏడు పార్వేటకు తిరుపాలమ్మ రాదనుకున్నారంతా. వచ్చింది. పల్లకీ ముందు నిలబడి, అంతకుముందు ఎవరూ పాడని చరణం ఒకటి అందుకుంది.

'ఊరూరు పిల్చేకి వస్తాండావు ఓబులేసా
మా ఇంటాయన్ని ముందే ఏంటికి పిల్చుకుంటివి'

ఊరంతా ఆ వేళ ఏడ్చింది. అప్పటినుంచీ ప్రతి ఏడూ ఆడవాళ్ళు ఆ చరణం కోసం కాచుకుంటారు. ఎవరింట్లో ఎవరు పోయినా, వాళ్ళు ఆ చరణంలో గొంతు కలుపుతారు. చంద్ర పుస్తకంలో ఆ చోట వేరే రెండు వరుసలున్నాయి.

'ఊరూర నిను గొలువ వచ్చితిమి నరహరీ
కరుణించి మా కోర్కెలీడేర్చు శ్రీహరీ'

"ఇది ఎవురు పాడినారన్నా?" అంది ఈశ్వరి.

"నేనే సరిచేసినా. దేవుణ్ణి ఆ మాదిరి నిలదీస్తే అచ్చులో ఏం బాగుంటాది చెప్పు?"

ఈశ్వరి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. టీ ముట్టలేదు. "ఏం, కోపమా?" అని చంద్ర వెనకనుంచి అడుగుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచడానికి ఆమెకు చేతకాలేదు. తిరుపాలమ్మ చాటలో బియ్యం ఏరుతూ విన్నది. చంద్ర పేరు వచ్చినప్పుడు చెయ్యి ఆగింది గానీ తలెత్తలేదు.

"చంద్రప్పనా? మన చంద్రప్పనే?" అని మాత్రం అడిగింది.

"ఊఁ."

"ఆయప్పకు ఇట్ల చేసేకి మనసెట్ల వొచ్చెనే?" తిరుపాలమ్మ బియ్యంలో రాయి ఒకటి ఏరి అవతల పారేసి, "కొట్లాడితే?" అంది.

"ఏండ్లు పడతాదంట. అందాక డిగ్రీ రాదు."

"ఆయప్ప పేరు పెడితే వస్తాదా?"

"వస్తాది."

"అయితే పెట్టు."

"నీకు మాటిచ్చినా కదమ్మా!" అని ఈశ్వరి ఏడ్చేసింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తిరుపాలమ్మ చాట పక్కన పెట్టి, కొంగుతో కూతురి ముఖం తుడిచింది. "నా పేరు కూడు పెడతాదా? నీ ఉద్యోగం పెడతాది. పెట్టు, పో" అంది. ఆ మాట కోపంగా అని ఉంటే ఈశ్వరికి ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రమే ఈశ్వరి ఫైలు తెరిచి కూచుంది. పని చిన్నదే, నేర్పిన గురువు గట్టివాడు. ప్రతి పాటకూ ముందొక కొటేషన్, చివరొక కొటేషన్. ఆ వెంటనే బ్రాకెట్, బ్రాకెట్లో చంద్ర పేరు, కామా, సంవత్సరం, పేజీ. తల్లి తనకు స్నానం చేయిస్తూ పాడిన పాటకు కూడా అతని పేజీ నంబరే వేసింది. తండ్రి కోసం పుట్టిన చరణం చెరిపి, ఆ చోట చంద్ర వరుసలే దించింది. మౌఖిక ఆధారాల శీర్షికకు వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. తర్వాత ఆడింది. పేరు, ఊరు, అన్నీ నల్లగా మెరిసి ఒక్క నొక్కుతో పోయాయి. చంద్ర చేసింది ద్రోహమైతే ఇది ఏమిటి అని తనను తానే అడుక్కుంది. పేరు వేరే గానీ పని అదే అని తోచింది. మింగడం వాడు మింగాడు, వాడి మూతి కడిగి తుడిచింది తను.

తిరుపాలమ్మ వచ్చి పక్కన కూచుంది. "ఆ చరణం ఆ పుస్తకంలో ఎట్లుంది? చదువు."

"ఏంటికమ్మా ఇప్పుడది?"

"చదవే."

ఈశ్వరి చదివింది. తిరుపాలమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "ఇంగోసారి" అంది. మళ్ళీ చదివింది. వాడు చేసిన పని చెవులారా వినాలనుకుంటోంది కాబోలనుకుంది ఈశ్వరి. నాలుగైదు సార్లు చదివించుకుని, ఏమీ అనకుండా లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

థీసిస్ ఒప్పుకున్నట్టు కబురు వచ్చిన కొన్నాళ్ళకే పల్లకీ వాళ్ళ ఊరికి వచ్చింది. అరుగు కడిగి ముగ్గులు పెట్టారు. బోయీలు స్వామిని దించి భుజాలు ఒత్తుకుంటూ పక్కకు జరిగారు. హారతి అయ్యాక ఆడవాళ్ళు దగ్గరికి చేరారు. ఈశ్వరి కాస్త ఎడంగా, వేపచెట్టు కింద ఆగిన ఆటోల పక్కన నిలబడింది.

తిరుపాలమ్మ ఎత్తుకుంది. అడివి గడ్డలు తవ్వుకునే పిల్ల నీ కంట్ల యాడ పడింది సామీ అని దెప్పింది. అడగా పెట్టక ఎత్తుకపోయినోడివి అల్లుడివెట్లయితివి అని నిలదీసింది. ఆడవాళ్ళు కిలకిలా నవ్వుతూ అందుకున్నారు. గొంతు ఎప్పటిలాగే ఊరవతలికి వినబడుతోంది. నిరుటి ఎండల్లో పెనిమిటిని పోగొట్టుకున్న కమలాక్షమ్మ ముందుకు తోసుకొచ్చి తిరుపాలమ్మ పక్కన నిలబడింది. వచ్చే చరణం ఆమెకు తెలుసు. అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుపాలమ్మ ఊపిరి తీసుకుంది.

'ఊరూర నిను గొలువ వచ్చితిమి నరహరీ...'

ఎవరూ అందుకోలేదు. అందుకోవడానికి ఆ మాటలు వాళ్ళకు రావు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏందక్కా అది?" అని కమలాక్షమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపింది. తిరుపాలమ్మ ఆగలేదు. బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లలా చేతులు కట్టుకుని, ఒక్కో మాటా ఏరుకుంటూ, రెండో వరుస కూడా ఒంటరిగానే పాడి ముగించింది. అంత పెద్ద గుంపులో పల్లకీ గంటల చప్పుడు తప్ప ఏమీ లేదు. కమలాక్షమ్మ కొంగు దించి వెనక్కి జరిగింది.

పల్లకీ లేచాక తిరుపాలమ్మ చెమట తుడుచుకుంటూ నేరుగా కూతురి దగ్గరికి వచ్చింది.

"తప్పు పోకుండా పాడినానా పాపా?" అంది. "పుస్తకంలో ఒగటుంటే మీయమ్మ ఒగటి పాడతాందని సార్లు ఎవురన్నా వచ్చి ఇంటే నీకు తిప్పలు గదా. అందుకని నేర్చుకుంటి. అట్లనే ఉంది గదా?"

"అట్లనే ఉందమ్మా" అంది ఈశ్వరి.